గోడల మీది నమూనాల నుంచి సొంత డిజైన్ తయారు చేసుకోవడం ఎలా?

వాల్‌పేపర్ దుకాణంలో ఆల్బమ్ తిరగేస్తుంటే మన చూపు ముందుగా పువ్వు మీదికో రంగు మీదికో పోతుంది. కానీ గోడ కంటికి ఇంపుగా కనిపించడంలో పెద్ద వాటా పువ్వుకూ పువ్వుకూ మధ్య ఉన్న ఎడానిది. పువ్వును చూసి గీయడం ఎవరికైనా వస్తుంది. ఆ ఎడం ఎలా కుదిరిందో పట్టుకున్నవారికే కొత్త డిజైన్ చేతికొస్తుంది. నల్లగొండ, పాలమూరు వైపు ఉన్నవారు దీన్ని నేర్చుకోవడానికి దూరం వెళ్లనక్కర్లేదు, డబ్బు పోయనక్కర్లేదు. పాత గుడి రాతి గోడ, జాజు (ఎర్రమట్టి రంగు) పూసిన ఇంటి గోడ, దుకాణంలో చూపించే వాల్‌పేపర్ ముక్క ఉంటే చాలు.

ముందుగా: దేనికోసమో తేల్చుకోండి

బ్లౌజు చేతికి అంచు కావాలా, పెళ్లిపత్రికకు ఒక మూల కావాలా, హాల్లో గోడంతా నింపాలా? అంచు ఒకే దిశలో సాగుతుంది. గోడ నాలుగు దిక్కులా సాగుతుంది. ఒంటరి బుటా, అంటే విడిగా నిలిచే పువ్వు లాంటి బొమ్మ, ఎటూ సాగదు. ఈ మూడింటిలో ఏది కావాలో తెలియకుండా బయలుదేరితే ఫోను నిండా ఫోటోలు మిగులుతాయి, ఒక్కటీ పనికిరాదు.

తర్వాత: మంచి గోడల దగ్గరికి వెళ్లండి

మొదట అలంపురం వెళ్లమంటాను. తుంగభద్ర ఒడ్డున ఉన్న నవబ్రహ్మ ఆలయాలు బాదామి చాళుక్యుల కాలానివి, 7, 8 శతాబ్దాల్లో కట్టినవి. వాటిలో స్వర్గబ్రహ్మ ఆలయం దగ్గర ఎక్కువసేపు గడపండి. రాతిపలకను తొలిచి చేసిన జాలీ కిటికీలను బయటి నుంచి చూస్తే చెక్కడం కనిపిస్తుంది. లోపల ప్రదక్షిణ దారిలో నిలబడి వెలుతురు వైపు చూడండి. రాయి నల్లటి గీతగా, రంధ్రం తెల్లటి ఆకారంగా విడిపోతాయి. శిల్పి రాతిని ఎంత శ్రద్ధగా మలిచాడో రంధ్రాన్నీ అంతే శ్రద్ధగా మలిచాడని అప్పుడు తెలుస్తుంది. డిజైన్ నేర్చుకునేవారికి ఇంతకంటే మంచి పాఠం నాకు తెలియదు.

బయటికొచ్చి శిఖరం వైపు తలెత్తండి. గుర్రపు లాడం ఆకారంలో ఉండే గవాక్షాలు ఒకదానిపై ఒకటి పేరుకుని వలలా పైకి పాకుతుంటాయి. ఉన్నది ఒకటే ఆకారం. దాన్నే పెద్దది చేసి, చిన్నది చేసి, నిలువునా సగానికి చీల్చి అటూ ఇటూ పెట్టి అంత శిఖరాన్నీ నింపారు. మీ దగ్గరా ఒక్క ఆకారమే ఉంటే దిగులుపడకండి.

నల్లగొండ పట్టణానికి ఆనుకుని ఉన్న పానగల్లులో పచ్చల సోమేశ్వరాలయం, ఛాయా సోమేశ్వరాలయం ఉన్నాయి. కుందూరు చోడుల నాటివి. అందరూ ఛాయా సోమేశ్వరంలో లింగం మీద పడే నీడను చూసి వచ్చేస్తారు. మీరు పచ్చల సోమేశ్వరాలయ మండపంలో స్తంభాల దగ్గర కూర్చోండి. రామాయణ, భారత ఘట్టాలు చెక్కిన పలకలు సరే, వాటికి పైనా కిందా ఉన్న సన్నటి పట్టీలను గమనించండి. పలకలోని బొమ్మలు నిండుగా ఉంటే పట్టీ ఎంత నిదానంగా ఉందో, స్తంభం కోణాల ఆకారం నుంచి గుండ్రానికి మారే చోట గీతలు ఎలా సర్దుకున్నాయో చూడండి. అంచుల పనికి కావలసిన సరుకంతా అక్కడే ఉంది.

ఇక ఊరి గోడలు. పండగకు ముందు పైన సున్నం, అడుగున జాజు పట్టీ పూస్తారు. వానకు నేల మీది ఎర్రమట్టి చిమ్మినా జాజు మీద మరక తెలియదు, కాబట్టి ఆ పట్టీ అందానికీ అవసరానికీ రెండింటికీ పనికొస్తుంది. తెలుపు, ఎరుపు కలిసే గీత వెంబడి పుల్లకు గుడ్డపేలిక చుట్టి, సున్నంలో ముంచి వరుసగా త్రికోణాలో చుక్కలో పెడతారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక్కో త్రికోణం ఒక్కో రకంగా ఉంటుంది. గుడ్డ అప్పుడే ముంచిన చోట గీత లావుగా మొదలవుతుంది, నాలుగో ఐదో త్రికోణానికి సున్నం తగ్గి సన్నబడుతుంది, మళ్లీ ముంచగానే లావవుతుంది. ఆ ఎగుడుదిగుడు వల్లే గోడకు ప్రాణం వచ్చింది. కంప్యూటర్‌లో ఒకే త్రికోణాన్ని నూరుసార్లు అతికించినప్పుడు రానిది ఇదే. గ్రామదేవత గుడి గోడల మీది ఎరుపు, తెలుపు నిలువు పట్టీలు కూడా ఇదే బడిలోవి.

ఫోటో తీసే పద్ధతి

గోడకు ఎదురుగా నిలబడి, ఫోను వంచకుండా తీయండి. పక్క నుంచి తీస్తే చతురస్రం వంకరపోతుంది, తర్వాత కొలత కుదరదు. రాతి చెక్కడాన్ని పొద్దున్నే గానీ సాయంత్రం గానీ, ఎండ పక్క నుంచి పడేటప్పుడు తీయండి. మిట్టమధ్యాహ్నం లోతు తెలియదు, ఫ్లాష్ వేస్తే అసలే తెలియదు. ఒక్కో నమూనాకు మూడు ఫోటోలు కావాలి: గోడంతా కనిపించేది, ఒక బుటా దాని పక్కవాటితో సహా కనిపించేది, బాగా దగ్గర నుంచి తీసినది. రెండోదాన్ని చాలామంది వదిలేస్తారు. మనకు ముఖ్యమైనది అదే, ఎడం కనిపించేది అందులోనే.

గుడి రాతి మీద సుద్ద పూయడం, నూనె రాయడం, కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దడం వద్దు. ఎవరి ఇంటి గోడైనా అడిగి తీయండి. అడిగితే ఆ ఇంటి పెద్దమ్మ ముగ్గు ఎలా వేశారో కూడా చెబుతారు.

ఎడాన్ని పట్టుకోవడం

ఇంటికొచ్చాక ఫోటో మీద పల్చటి కాగితం పరిచి ప్రతి బుటా నడిబొడ్డున ఒక చుక్క మాత్రం పెట్టండి. బుటాను గీయొద్దు. కాగితం తీసి చూస్తే మిగిలేది చుక్కల వరస. ముగ్గు వేసే ఇంట్లో పుట్టినవారికి ఇక్కడ పని సులువు. చుక్క కింద చుక్క పడితే సరి చుక్క. రెండు చుక్కల సందులో కింది వరస చుక్క పడితే సందు చుక్క. వాల్‌పేపర్లలో అత్యధికం ఈ రెండు కుదుర్ల మీదే నడుస్తాయి. తేడా ఒక్కటే, ముగ్గులో అడ్డవరస పక్కకు జరిగితే, వాల్‌పేపర్‌లో నిలువు పట్టీ కిందికి జరుగుతుంది. సరి చుక్క గోడ గళ్లుగా, కుదురుగా కనిపిస్తుంది. సందు చుక్క గోడలో చూపు ఏటవాలుగా కదులుతుంది, అతుకులు అంత తొందరగా కంటికి ఆనవు.

ఆ తర్వాత పక్కపక్క బుటాలను పోల్చండి. రెండూ ఒకేలా ఉన్నాయా, ఒకటి అద్దంలో చూసినట్టు తిరగబడిందా, ఒకటి తలకిందులైందా? ఇలా జరపడం, తిప్పడం, అద్దంలా మడవడం ఎన్ని రకాలుగా కలిసినా, నాలుగు దిక్కులా సాగే నమూనాలన్నీ 17 తరగతుల్లోనే ఇమిడిపోతాయని రష్యా స్ఫటిక శాస్త్రవేత్త ఫెదరోవ్ 1891లో నిరూపించారు. గణితంలో వాటికి వాల్‌పేపర్ గ్రూపులనే పేరు స్థిరపడింది. పదిహేడూ కంఠస్థం చేయనక్కర్లేదు. మీకు నచ్చిన గోడలో ఈ మూడు పనుల్లో ఏవి జరిగాయో రాసిపెట్టుకుంటే చాలు.

సొంత బుటా, అతుకు తెలియని అచ్చు

ఇప్పుడు పాత బుటాను పక్కన పెట్టి, చుక్కలను మాత్రం ఉంచుకోండి. వాటి మీద మీ పెరట్లో కనిపించేది పెట్టండి: తంగేడు పువ్వు, సీతాఫలం, వేపరెమ్మ, ఏదైనా సరే.

గీసే పద్ధతి ఇది. చతురస్రపు కాగితం మధ్యలో, అంచులకు తగలకుండా బుటా గీయండి. కాగితాన్ని నిలువునా నడిమికి కత్తిరించి, ఎడమ సగాన్ని కుడివైపుకు, కుడి సగాన్ని ఎడమవైపుకు మార్చి వెనక టేపు వేయండి. మళ్లీ అడ్డంగా నడిమికి కత్తిరించి, పై సగాన్ని కిందికి, కింది సగాన్ని పైకి మార్చి అతికించండి. మీ బుటా నాలుగు పావులై నాలుగు మూలలకు పోయింది, మధ్యలో ఖాళీ వచ్చింది. ఆ ఖాళీలో అదే బుటాను మళ్లీ గీస్తే సందు చుక్క కుదురు. చిన్న ఆకో చుక్కో పెట్టినా, ఖాళీగా వదిలినా సరి చుక్క కుదురు. అంచులు మాత్రం ముట్టుకోకండి. ఈ కాగితాన్ని ఎన్నిసార్లు పక్కపక్కన పేర్చినా అతుకు కనబడదు.

తొమ్మిది జిరాక్సులు తీసి మూడు వరసలుగా గోడకు అంటించి, పది అడుగుల దూరం నుంచి కళ్లు సగం మూసి చూడండి. దగ్గర్లో కనపడని అడ్డగీతలు, బొక్కల్లాంటి ఖాళీలు అప్పుడు బయటపడతాయి. ఎక్కడ కన్ను ఊరికే ఆగుతుందో అక్కడ దిద్దండి. ఈ పరీక్షకు ముందు రంగు జోలికి వెళ్లొద్దు. నలుపు తెలుపుల్లో నిలబడనిది రంగేసినా నిలబడదు.

రంగులు

మూడు చాలు. పుట్టపాక నేతన్నలు నేసే తేలియా రుమాలు అనే ఇక్కత్ గుడ్డ ఎరుపు, నలుపు, తెలుపులతోనే పేరు తెచ్చుకుంది. గోడ రంగును ఫోటో చూసి నిర్ణయించకండి. తడి సున్నం పల్చగా, మాసినట్టు కనిపించి ఆరాకే తెల్లగా తేలుతుంది. ఎమల్షన్ రంగులూ ఆరాక మారతాయి. గోడ మీద చిన్న మచ్చ పూసి, మర్నాడు పగటి వెలుగులో చూడండి.

ఒక మాట గట్టిగా చెప్పాలి. పోచంపల్లి ఇక్కత్, గద్వాల, నారాయణపేట చీరలు, తేలియా రుమాలు, అన్నింటికీ భౌగోళిక గుర్తింపు ఉంది. వాటి చుక్కల కుదురు చూసి నేర్చుకోండి. నేతన్నల డిజైన్‌ను అచ్చు గుద్ది ఆ పేరుతో అమ్మడం మాత్రం వాళ్ల కూడు లాక్కోవడమే.

గోడ మీదికి ఎక్కించడం

తక్కువ ఖర్చు దారి స్టెన్సిల్. పాత ఎక్స్‌రే ఫిల్ము మీద బొమ్మ దించి బ్లేడుతో కత్తిరించండి. లోపలి ముక్కలు ఊడిపోకుండా సన్నటి కలుపులు వదలాలి. ఎక్కడ వదలాలో తెలియకపోతే అలంపురం జాలీ ఫోటో తీసి చూడండి. అక్కడ రాయంతా ఒకదానికొకటి కలిసే ఉంటుంది, లేకపోతే కూలిపోయేది. స్పాంజికి రంగు చాలా తక్కువగా అద్ది, ముందు కాగితం మీద ఒత్తి, తర్వాత గోడ మీద ఒత్తండి. రంగు ఎక్కువైతే స్టెన్సిల్ కిందికి పాకుతుంది.

వాల్‌పేపరే కావాలనుకుంటే మొదట గోడకు చెమ్మ లేదని చూసుకోండి. మట్టి, సున్నంతో కట్టిన పాత గోడలకు ప్లాస్టిక్ పూత ఉన్న వాల్‌పేపర్ వేయకండి, లోపలి తడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది.

కొనేటప్పుడు చదరపు అడుగుల లెక్క ఒక్కటే నమ్మకండి. మామూలు రోల్ 53 సెంటీమీటర్ల వెడల్పు, 10 మీటర్ల పొడవు ఉంటుంది. దుకాణంలో 57 చదరపు అడుగులంటారు. మీ గోడ పది అడుగుల వెడల్పు, పదకొండు అడుగుల ఎత్తు అనుకుందాం. 110 చదరపు అడుగులు కాబట్టి రెండు రోల్స్ సరిపోతాయనిపిస్తుంది. లేబుల్ మీద 64/32 అని ఉందంటే నమూనా ప్రతి 64 సెంటీమీటర్లకు తిరిగి వస్తుంది, పక్క పట్టీ 32 జరగాలి, అంటే సందు చుక్క. ఎత్తు 3.35 మీటర్లు కాబట్టి ఒక్కో పట్టీకి ఆరు రిపీట్లు, 3.84 మీటర్లు కావాలి. ఒక రోల్‌కు రెండు పట్టీలే వస్తాయి. వెడల్పుకు ఆరు పట్టీలు కావాలి కాబట్టి మూడు రోల్స్ కొనాలి.

స్టెన్సిలైనా, వాల్‌పేపరైనా మూల నుంచి మొదలుపెట్టకండి. దారానికి బరువు కట్టి గోడ మధ్యలో వేలాడదీసి, ఆ గీత దగ్గర మొదటి బుటా పెట్టి రెండు వైపులకూ సాగండి. రెండు మూలల్లో సమానంగా తెగుతుంది. గది చుట్టూ వేస్తుంటే చివరి పట్టీ మొదటిదాన్ని కలిసే చోట నమూనా కుదరదు. ఆ చోటు తలుపు వెనక మూలకు వచ్చేలా ముందే లెక్క చూసుకోండి.