పాత సర్వర్లలోని వర్చువల్ మెషీన్లలో జీపీయూ పనిచేయకపోతే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

2012, 2013 నాటి జియాన్ ఈ5 ప్రాసెసర్లున్న రెండు సాకెట్ల సర్వర్లలో 24 జీబీ మెమరీ గల, ఎన్విడియా వారి పాస్కల్ తరానికి చెందిన టెస్లా పీ40 జీపీయూ (గ్రాఫిక్స్ ప్రాసెసర్) కార్డును అమర్చి, వర్చువల్ మెషీన్లను నిర్వహించే ప్రాక్స్‌మాక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే ఒక వర్చువల్ మెషీన్‌కు (వీఎం, అంటే సర్వర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో సృష్టించిన కంప్యూటర్‌కు) దాన్ని నేరుగా అప్పగిస్తే, భాషా మోడళ్లను నడపడానికి, మాటను రాతగా మార్చడానికి, చిన్న మోడళ్లను మన డేటాతో ఫైన్‌ట్యూన్ చేయడానికి చక్కగా సరిపోతుంది. ఇలా కార్డును వీఎంకు అప్పగించడాన్నే పాస్‌త్రూ అంటాము. అసలు సర్వర్‌ను హోస్ట్ అనీ, దానిలో నడిచే వీఎంను గెస్ట్ అనీ అంటాము. అయితే ఆ సర్వర్లను తయారుచేసిన నాటికి ఇంత మెమరీ ఉన్న కార్డులు గానీ, ఇలాంటి వాడకం గానీ ఎవరి ఊహలోనూ లేవు కాబట్టి, ఏదో ఒక చోట పని ఆగిపోతుంది.

కార్డుకూ మీ పైథాన్ ప్రోగ్రాముకూ మధ్య కరెంటు, బయోస్ (సర్వర్ ఆన్ కాగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్), హోస్ట్ కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ), వీఎం ఫర్మ్‌వేర్ (వీఎంకు బయోస్ లాంటిది), గెస్ట్ డ్రైవర్, లైబ్రరీ అని ఆరు అంచెలున్నాయి. లోపం ఒక అంచెలో ఉంటే దాని లక్షణం రెండు మూడు అంచెల పైన బయటపడుతుంది. బయోస్‌లో ఒక్క ఆప్షన్ మార్చవలసిన చోట, గెస్ట్‌లో డ్రైవర్‌ను తీసి మళ్లీ పెడుతూ నేను రెండు రోజులు పోగొట్టుకున్నాను. అందుకే ఈ సమస్యలను కింది అంచె నుంచి పైకి పేర్చాను. కింది అంచె బాగుందని రుజువయ్యే వరకు పై అంచెలో ఏదీ మార్చకండి.

హోస్ట్‌లో కార్డు అసలు కనిపించడం లేదు

హోస్ట్‌లో పరికరాల జాబితా చూపించే ఎల్ఎస్‌పీసీఐ ఆదేశం ఇచ్చినప్పుడు ఎన్విడియా అన్న పేరే రాకపోతే, ముందుగా కార్డు పెట్టిన స్లాట్ ఏ ప్రాసెసర్‌కు చెందినదో చూడండి. రెండు సాకెట్ల సర్వర్లలో కొన్ని స్లాట్లు రెండో ప్రాసెసర్‌కు కలిపి ఉంటాయి. ఆ సాకెట్ ఖాళీగా ఉంటే ఆ స్లాట్లు పనిచేయవు. సర్వర్ మూత లోపలి వైపు అంటించిన బొమ్మలో ఈ వివరం సాధారణంగా ఉంటుంది.

స్లాట్ సరైనదే అయితే తర్వాత చూడవలసింది కరెంటు తీగ. ఇక్కడ తొందరపడితే కార్డు కాలిపోతుంది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను. మామూలు గ్రాఫిక్స్ కార్డులకు ఉండే 8 పిన్నుల పీసీఐఈ కనెక్టర్ పీ40కి ఉండదు. మదర్‌బోర్డులో ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే 8 పిన్నుల ఈపీఎస్ కనెక్టర్ దీనికి ఉంటుంది. రెండూ చూడడానికి ఒకేలా అనిపిస్తాయి గానీ, ఒకదానిలో 12 వోల్టులు వచ్చే వరుసలో రెండోదానికి గ్రౌండ్ ఉంటుంది. ప్లాస్టిక్ గళ్ల ఆకారంలో తేడా ఉన్నప్పటికీ బలంగా నొక్కితే లోపలికి వెళ్లిపోతుంది. పైగా సర్వర్ రైజర్ (కార్డులను అమర్చే చిన్న బోర్డు) మీద ఉండే సాకెట్‌లో పిన్నుల అమరిక తయారీదారును బట్టి మారుతుంది. నేను కొన్న మొదటి తీగ మీద టెస్లా అనే రాసి ఉంది. అయినా కార్డుకు తగిలించే ముందు రెండో కొనను గాలిలో ఉంచి, మల్టీమీటర్ నల్ల మొనను సర్వర్ చట్రానికి ఆనించి, ఎర్ర మొనతో ఒక్కొక్క పిన్నును చూస్తే, గ్రౌండ్ ఉండవలసిన వరుసలో 12.1 కనిపించింది. ఆ రెండు నిమిషాల పరీక్ష లేకపోతే కార్డు పోయేది. తీగను అమ్మినవారి మాట మీద కాకుండా మీటరు మీద ఆధారపడండి. ఈ కార్డు 250 వాట్ల వరకు తీసుకుంటుంది కాబట్టి పవర్ సప్లై సామర్థ్యాన్ని కూడా లెక్క వేసుకోండి.

సర్వర్ బూట్ దగ్గరే ఆగిపోతోంది, లేదా కెర్నెల్ లాగ్‌లో బార్‌కు చోటు లేదని వస్తోంది

పీ40 తన మెమరీని ప్రాసెసర్‌కు చూపించడానికి 32 జీబీల చిరునామా స్థలం అడుగుతుంది. దీన్ని బార్ 1 అంటారు. పాత బయోస్ తన అలవాటు ప్రకారం పరికరాలన్నింటికీ 4 జీబీలోపే చోటు ఇవ్వాలని చూస్తుంది. 4 జీబీలో 32 జీబీ పట్టదు గనుక సర్వర్ ఆగిపోతుంది, లేదా బార్‌ను ఖాళీగా వదిలేసి ముందుకు వెళ్తుంది. రెండో సందర్భంలో ఎల్ఎస్‌పీసీఐలో కార్డు కనిపిస్తూనే ఉంటుంది కాబట్టి అంతా బాగుందని పొరబడతాము. చివరికి డ్రైవర్ బార్ 1 విలువ సున్నా అని చెప్పి లోడ్ కావడం మానేస్తుంది.

బయోస్‌లో అబవ్ 4జీ డీకోడింగ్ అనే ఆప్షన్‌ను ఆన్ చేస్తే ఇది తీరుతుంది. డెల్ పవర్ఎడ్జ్ సర్వర్లలో ఇది ఇంటిగ్రేటెడ్ డివైసెస్ కింద మెమరీ మ్యాప్డ్ ఐఓ అబవ్ 4జీబీ అనే పేరుతో ఉంటుంది. ఆ ఆప్షనే కనిపించకపోతే బయోస్‌ను ఆ మోడల్‌కు వచ్చిన చివరి వెర్షన్‌కు అప్‌డేట్ చేసి మళ్లీ చూడండి. అప్పటికీ లేకపోతే ఆ సర్వర్‌ను ఈ కార్డుకు వాడాలనే ఆలోచన విరమించుకొని, చిన్న బార్‌తో సరిపెట్టుకునే కార్డును ఎంచుకోవడమే మంచిది.

వీఎం స్టార్ట్ కావడం లేదు

ఇది ఒక సమస్యలా కనిపిస్తుంది గానీ దీని వెనుక నాలుగు వేర్వేరు కారణాలుండవచ్చు. హోస్ట్ కెర్నెల్ లాగ్‌లోని వాక్యాన్ని బట్టే వాటిని విడదీయాలి.

లాగ్‌లో డీఎంఏఆర్ అనే మాటే లేకపోతే బయోస్‌లో వీటీ-డీ (పరికరాలను వీఎంకు నేరుగా ఇవ్వడానికి కావలసిన ఇంటెల్ సదుపాయం) ఆఫ్‌లో ఉందని అర్థం. ప్రాసెసర్ వర్చువలైజేషన్ ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఇది ఆన్ అయినట్లు కాదు. దాన్ని ఆన్ చేసి, పాత కెర్నెల్ అయితే బూట్ పారామీటర్లలో ఇంటెల్ ఐఓఎంఎంయూను (పరికరాలు ఏ మెమరీని తాకవచ్చో నియంత్రించే భాగాన్ని) ఆన్ చేసే పారామీటర్‌ను కూడా చేర్చి, గ్రబ్ అనే బూట్ లోడర్‌ను అప్‌డేట్ చేసి రీబూట్ చేయండి.

ఇంటరప్ట్ రీమ్యాపింగ్ (పరికరాలు ప్రాసెసర్‌కు పంపే సంకేతాలను తనిఖీ చేసి దారి చూపే సదుపాయం) లేదని వస్తే, అది ఎక్కువగా జియాన్ 5500, 5600 ప్రాసెసర్ల కాలపు సర్వర్ల సమస్య. నాటి 5500, 5520 చిప్‌సెట్లలో కొన్నింటి ఇంటరప్ట్ రీమ్యాపింగ్‌లో హార్డ్‌వేర్ దోషం ఉండడంతో కెర్నెల్ దాన్ని తానే ఆపేస్తుంది. పరికరాలను వీఎంకు అప్పగించే వీఎఫ్ఐఓ అనే కెర్నెల్ మాడ్యూల్‌కు అసురక్షిత ఇంటరప్టులను అనుమతించే పారామీటర్ ఇస్తే వీఎం నడుస్తుంది. అయితే ఆ అనుమతితో, దురుద్దేశం ఉన్న గెస్ట్ హోస్ట్‌కు దొంగ ఇంటరప్టులు పంపగలుగుతుంది. వీఎంలో మీరు మాత్రమే పనిచేస్తుంటే వాడుకోవచ్చు. బయటివారికి లాగిన్ ఇచ్చే సర్వర్ మీద మాత్రం ఈ దారి తొక్కవద్దు.

ఆర్ఎంఆర్ఆర్ అనే మాటతో పాటు ప్లాట్‌ఫామ్ తయారీదారును సంప్రదించమన్న వాక్యం వస్తే, అది హెచ్‌పీ ప్రోలయంట్ సర్వర్లలో తరచుగా ఎదురయ్యే చిక్కు. ఫర్మ్‌వేర్ తన సొంత అవసరాలకు ఆ పరికరం పేరిట కొంత మెమరీని కేటాయించి ఉంచుతుంది. అలాంటి పరికరాన్ని వీఎంకు ఇవ్వడానికి కెర్నెల్ ఒప్పుకోదు. జెన్8, ఆ తర్వాతి సర్వర్లలో హెచ్‌పీ వారి కాన్‌రెప్ సాధనంతో మీ కార్డు ఉన్న స్లాట్‌ను ఆ కేటాయింపు నుంచి మినహాయించవచ్చు. ఈ తనిఖీనే తీసేసే కెర్నెల్ ప్యాచ్‌లు కూడా ఉన్నాయి గానీ, ఫర్మ్‌వేర్, గెస్ట్ ఒకే మెమరీ మీద రాసుకునే ప్రమాదాన్ని నెత్తికెత్తుకోవడం నాకు సమ్మతం కాదు.

గ్రూప్‌లోని ఇతర పరికరాలు అడ్డుగా ఉన్నాయన్న అర్థం వచ్చే వాక్యం నాలుగోది. ఐఓఎంఎంయూ విడదీయలేని పరికరాల గుంపును గ్రూప్ అంటారు. ఆ గ్రూప్ మొత్తాన్ని కలిపే ఇవ్వాలి గనుక, కార్డును వేరే స్లాట్‌లోకి మార్చి గ్రూప్ విడిపోయిందేమో చూడండి. కెప్లర్ తరానికి చెందిన కె80లో ఒకే కార్డు మీద రెండు జీపీయూలుంటాయి. వాటిని ఒకే వీఎంకు ఇస్తే ఇబ్బందులు తగ్గుతాయి.

ఇవేవీ కాకుండా హోస్ట్ బిగుసుకుపోతే, హోస్ట్‌లోని నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ కార్డును ముందే పట్టుకొని ఉండవచ్చు. దాన్ని బ్లాక్‌లిస్ట్‌లో చేర్చి ఇనిట్‌ఆర్ఎఎంఎఫ్ఎస్‌ను (బూట్ మొదట్లో లోడ్ అయ్యే ఫైళ్ల మూటను) తిరిగి తయారుచేయండి. ఆ తర్వాత కార్డు వీఎఫ్ఐఓ-పీసీఐ డ్రైవర్ చేతిలో ఉన్నట్లు ఎల్ఎస్‌పీసీఐలో కనిపించాలి.

మెమరీ చాలడం లేదంటూ వీఎం ఆగిపోతోంది

పాస్‌త్రూ ఉన్న వీఎంకు ఇచ్చిన ర్యామ్ మొత్తం స్టార్ట్ అయిన క్షణమే హోస్ట్‌లో కదలకుండా కట్టివేయబడుతుంది, ఎందుకంటే కార్డు ఆ మెమరీని ప్రాసెసర్ ప్రమేయం లేకుండా ఎప్పుడైనా చదవవచ్చు. కాబట్టి 64 జీబీ ఇస్తే 64 జీబీ పోయినట్లే. బెలూనింగ్ (వీఎం వాడని ర్యామ్‌ను హోస్ట్ వెనక్కు తీసుకునే పద్ధతి) ఆపేసి, హోస్ట్‌కు కొంత మిగిల్చి లెక్క వేసుకోండి.

గెస్ట్‌లో కార్డు కనిపిస్తోంది గానీ, ఎన్విడియా-ఎస్ఎంఐ (కార్డు స్థితిని చూపే ఆదేశం) పరికరాలేవీ లేవంటోంది

హోస్ట్ బయోస్‌లో పరిష్కరించిన బార్ 1 చిక్కే గెస్ట్‌లో మళ్లీ తలెత్తుతుంది, ఎందుకంటే వీఎంకు కూడా తనదైన ఫర్మ్‌వేర్ ఉంది. పాత అలవాటు ప్రకారం ఐ440ఎఫ్ఎక్స్ అనే పాత మెషీన్ రకం, సీబయోస్ అనే పాత ఫర్మ్‌వేర్‌తో వీఎం సృష్టిస్తే పెద్ద బార్‌కు చోటు దొరకకపోవచ్చు. క్యూ35 మెషీన్, ఓవీఎంఎఫ్ ఫర్మ్‌వేర్ ఎంచుకోండి. పాత ఓవీఎంఎఫ్ వెర్షన్లు 64 బిట్ పరికరాలన్నింటికీ కలిపి 32 జీబీల కిటికీ (చిరునామా స్థలం) మాత్రమే తెరుస్తాయి. పీ40 బార్ 1 ఒక్కటే 32 జీబీ కావడంతో తక్కిన వాటికి చోటుండదు. వీఎం ఫర్మ్‌వేర్‌కు సెట్టింగులు అందించే ఎఫ్‌డబ్ల్యూ-సీఎఫ్‌జీ ద్వారా ఆ కిటికీని 65536 ఎంబీకి పెంచే ఆర్గ్యుమెంట్ ఇస్తే సరిపోతుంది.

కిటికీ సరిగా ఉన్నా ఫలితం మారకపోతే డ్రైవర్ ప్యాకేజీ పేరు చూడండి. పేరులో ఓపెన్ అని ఉన్న కెర్నెల్ మాడ్యూళ్లు ట్యూరింగ్, ఆ తర్వాతి తరాలకే పనిచేస్తాయి. అవి ఆధారపడే జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ పీ40 వంటి పాస్కల్ కార్డులలో లేదు. ఆ ప్యాకేజీని తీసేసి మామూలు ఎన్విడియా మాడ్యూల్ పెట్టండి. మాడ్యూల్ లోడ్ కాకుండా కీ తిరస్కరించబడిందన్న సందేశం వస్తే వీఎంలో సెక్యూర్ బూట్ (సంతకం లేని కోడ్‌ను అడ్డుకునే రక్షణ) ఆన్‌లో ఉందని అర్థం. దాన్ని ఆపండి, లేదా మాడ్యూల్‌కు డిజిటల్ సంతకం చేయించండి.

మెమరీ 24 జీబీకి బదులు సుమారు 22.5 జీబీగా కనిపిస్తే కంగారుపడకండి. ఈసీసీ (మెమరీలోని తప్పులను సరిదిద్దే ఏర్పాటు) ఆన్‌లో ఉన్నందువల్ల అలా కనిపిస్తుంది. దాన్ని ఆపితే ఆ మెమరీ తిరిగి వస్తుంది.

ప్రోగ్రామ్ ఇల్లీగల్ ఇన్‌స్ట్రక్షన్ అంటూ కూలిపోతోంది

టెన్సర్‌ఫ్లో అనే మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ 1.6 వెర్షన్ నుంచి అధికారిక ప్యాకేజీలకు ప్రాసెసర్‌లో ఏవీఎక్స్ (ఒకేసారి అనేక సంఖ్యల మీద లెక్కలు చేసే ఆదేశాల సమితి) ఉండి తీరాలి. మీ జియాన్ ఈ5లో ఏవీఎక్స్ ఉన్నా, ప్రాక్స్‌మాక్స్ తనంతట తాను ఎంచే సీపీయూ రకం దాన్ని గెస్ట్‌కు చూపించదు. వీఎం సెట్టింగులలో సీపీయూ రకాన్ని హోస్ట్‌గా మార్చి, వీఎంను పూర్తిగా ఆపి మళ్లీ స్టార్ట్ చేయండి. గెస్ట్ లోపలి నుంచి రీబూట్ చేస్తే ఈ మార్పు అమలు కాదు. ఏవీఎక్స్2 మాత్రం ఈ5 మూడో వెర్షన్ నుంచే ఉంది. మొదటి, రెండో వెర్షన్ల మీద ఏవీఎక్స్2 కోరే ప్రోగ్రామ్‌ను సోర్స్ నుంచి మీరే కంపైల్ చేసుకోవాలి.

డ్రైవర్ బాగుంది, పైటార్చ్ మాత్రం కెర్నెల్ ఇమేజ్ లేదంటోంది

ఇక్కడ కెర్నెల్ అంటే లినక్స్ కెర్నెల్ కాదు. జీపీయూ మీద నడిచే కోడ్ ముక్క. మీరు పెట్టిన పైటార్చ్ (మెషీన్ లెర్నింగ్ లైబ్రరీ) ప్యాకేజీలో మీ కార్డు తరానికి తగిన కోడ్ లేదని దాని అర్థం. పీ40 కంప్యూట్ స్థాయి 6.1. ప్యాకేజీలో కోడ్ ఉన్న స్థాయిల జాబితాలో 6.0 ఉన్నా దానికి నడుస్తుంది. పైటార్చ్‌లోని గెట్-ఆర్చ్-లిస్ట్ ఫంక్షన్ ఆ జాబితాను చూపిస్తుంది. క్యూడా (జీపీయూ మీద లెక్కలు నడిపే ఎన్విడియా సాఫ్ట్‌వేర్) 12.6 తో తయారైన ప్యాకేజీని ఎంచుకుంటే ఈ చిక్కు తీరుతుంది. క్యూడా 13 నుంచి మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా తరాలకు మద్దతు తీసేశారు. 580 శ్రేణి డ్రైవర్లే వాటికి చివరివి. కె80 అయితే 470 శ్రేణి డ్రైవర్, క్యూడా 11 దగ్గరే ఆగిపోతుంది. కాబట్టి అన్నీ పనిచేస్తున్న రోజున ప్యాకేజీల వెర్షన్లను హోల్డ్‌లో పెట్టండి.

పనిచేస్తూ కూడా బాగా నెమ్మదిగా ఉంటే ఎఫ్‌పీ16 (16 బిట్ల దశాంశ సంఖ్యలు) వాడుతున్నారేమో చూడండి. పీ40లో ఎఫ్‌పీ16 వేగం ఎఫ్‌పీ32లో 64వ వంతు మాత్రమే. లెక్కలను ఎఫ్‌పీ32లో చేయించండి, లేదా భాషా మోడళ్లను నడిపే లామా.సీపీపీ వంటి వాటిలో క్వాంటైజ్ చేసిన (సంఖ్యలను తక్కువ బిట్లకు కుదించిన) మోడళ్లను వాడండి. 8 బిట్ పూర్ణాంకాల లెక్కల్లో ఈ కార్డు గట్టిది.

మొదట పది నిమిషాలు బాగా నడిచి, తర్వాత వేగం పడిపోతోంది, లేదా కార్డు మాయమవుతోంది

నేను అన్నిటికంటే ఎక్కువసార్లు చూసిన సమస్య ఇదే. పీ40కి సొంత ఫ్యాన్ లేదు. సర్వర్ ముందు నుంచి వెనక్కు తోసే గాలే దానికి దిక్కు. సర్వర్ మేనేజ్‌మెంట్ చిప్‌కు ఈ కార్డు వేడి తెలియకపోతే, ప్రాసెసర్లు చల్లగా ఉన్నాయని ఫ్యాన్లను నెమ్మదిగానే తిప్పుతుంది. పాస్‌త్రూలో ఇంకో మెలిక ఉంది. కార్డు వీఎఫ్ఐఓ చేతిలో ఉన్నందువల్ల హోస్ట్‌లో ఎన్విడియా-ఎస్ఎంఐ నడవదు. వేడి ఎంతో తెలిసేది గెస్ట్‌కు, ఫ్యాన్లను తిప్పగలిగేది హోస్ట్. కార్డు 90 డిగ్రీలు దాటాక క్లాక్‌ను తగ్గించుకుంటుంది. ఇంకా పెరిగితే ఎక్స్ఐడీ 79 సందేశంతో బస్ నుంచి జారిపోతుంది, ఆ తర్వాత హోస్ట్‌ను రీబూట్ చేస్తే గానీ సాధారణంగా తిరిగి రాదు.

రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల ఎండలో ఏసీ లేని గదిలో లోపలికి వెళ్లే గాలే 40 డిగ్రీలుంటుంది. అక్కడ జనవరిలో బాగా నడిచిన అమరిక నడవకపోవడంలో వింత లేదు. ముందుగా ఖాళీ స్లాట్లకు మూతలు, లోపలి ప్లాస్టిక్ గాలి గొట్టం తిరిగి పెట్టారో లేదో చూడండి. అవి లేకపోతే గాలి కార్డులోంచి పోకుండా పక్కదారి పడుతుంది. తర్వాత గెస్ట్‌లో ప్రతి పది సెకన్లకు ఉష్ణోగ్రతను చదివి హోస్ట్‌కు పంపే చిన్న స్క్రిప్ట్, దాన్ని బట్టి సర్వర్ మేనేజ్‌మెంట్ చిప్‌తో మాట్లాడే ఐపీఎంఐ ద్వారా ఫ్యాన్ వేగం మార్చే ఇంకో స్క్రిప్ట్ రాయండి. గెస్ట్ నుంచి 30 సెకన్లు కబురు లేకపోతే ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరిగేలా హోస్ట్ స్క్రిప్ట్ ఉండాలి, ఎందుకంటే గెస్ట్ బిగుసుకుపోయినప్పుడే కార్డు నిండు భారంతో కాగుతూ ఉండే అవకాశం ఎక్కువ. కొన్ని సర్వర్ల కొత్త ఫర్మ్‌వేర్‌లో ఫ్యాన్లను ఇలా చేతితో మార్చే వీలు తీసేశారు. అలాంటి చోట బయోస్‌లోని ఫ్యాన్ ఆఫ్‌సెట్‌ను పెంచడమే దారి.

అప్పటికీ వేడి దిగకపోతే ఎన్విడియా-ఎస్ఎంఐతో కార్డు వాడే కరెంటును 250 నుంచి 180 వాట్లకు పరిమితం చేయండి. మోడల్ జవాబిచ్చే పనిలో వేగాన్ని ఎక్కువగా నిర్ణయించేది కార్డు మెమరీ వేగం కాబట్టి నష్టం పెద్దగా తెలియదు. ఈ పరిమితి గెస్ట్ రీబూట్ అయిన ప్రతిసారీ 250కి తిరిగిపోతుంది. బూట్ సమయంలోనే, మోడల్ లోడ్ కాకముందే దాన్ని అమలు చేసే సిస్టమ్‌డీ సర్వీస్‌ను గెస్ట్‌లో పెట్టండి.