కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళు ఎముకలను ఎలా కాపాడుకోవాలి?

కాళ్ళు లాగుతున్నాయనగానే ఇంట్లోవాళ్ళు రాగిజావ కాస్తారు, పాలు తాగమంటారు, కాల్షియం బిళ్ళలు తెస్తారు. కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళకు ఈ వైద్యం బెడిసికొట్టవచ్చు. అదనపు ఫాస్ఫరస్‌ను బయటికి పంపేవీ, విటమిన్ డిని ఒంటికి పనికొచ్చేలా మార్చేవీ కిడ్నీలే. అవి దెబ్బతింటే ఫాస్ఫరస్ పేరుకుంటుంది, కాల్షియం తగ్గుతుంది. అప్పుడు మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. రక్తనాళాల గోడలకు కూడా సున్నం పడుతుంది.

1. ముందు రక్తపరీక్షలు: కాల్షియం, ఫాస్ఫరస్, పీటీహెచ్ (పారాథైరాయిడ్ గ్రంథుల హార్మోను), విటమిన్ డి. ఫాస్ఫరస్ మామూలుగా డెసిలీటరుకు 2.5 నుంచి 4.5 మిల్లీగ్రాములు. ఒక్క రిపోర్టు చూసి టెన్షన్ పడకండి. పాతవన్నీ వరసగా ఫైల్లో పెట్టుకెళ్ళండి, అంకె ఎటు పోతోందన్నదే డాక్టరుకు ముఖ్యం.

2. పప్పు మానేసే ముందు ప్యాకెట్లు మానండి. పప్పుల్లోని ఫాస్ఫరస్ సగం కూడా ఒంటికి పట్టదు. నిల్వ కోసం, రుచి కోసం కలిపే ఫాస్ఫేటు దాదాపు అంతా పట్టేస్తుంది. ప్యాకెట్ వెనక ఈ ఫాస్ఫేట్ల కోడ్ అంకెలు, అంటే 338 నుంచి 341, 450 నుంచి 452 కనిపిస్తే పక్కన పెట్టండి. నల్లటి కూల్‌డ్రింకులూ అంతే. అలాగని ప్రోటీన్ పూర్తిగా మానకూడదు. డయాలసిస్‌లో ఉన్నవాళ్ళకు అది ఇంకా ఎక్కువ కావాలి. గుడ్డులో తెల్లసొన మంచిది, ఫాస్ఫరస్ ఎక్కువగా పచ్చసొనలోనే ఉంటుంది.

3. ఎక్కువమంది తప్పు చేసేది ఫాస్ఫరస్‌ను తగ్గించడానికి డాక్టరు రాసే బిళ్ళ దగ్గరే. మా పెద్దమ్మ దాన్ని బీపీ బిళ్ళతో కలిపి, భోజనమైన గంటకు వేసుకునేది. ఎన్ని నెలలైనా ఫాస్ఫరస్ దిగలేదు. ఆ మందు పనిచేసేది కడుపులో, అన్నంతో కలిసినప్పుడే. ఇప్పుడు కంచం పక్కన, ఆవకాయ గిన్నె దగ్గరే బిళ్ళ పెడుతున్నాం. నాలుగు ముద్దలు తిన్నాక వేసుకుంటుంది. భోజనం మానేస్తే ఆ పూట బిళ్ళ కూడా ఉండదు. ఈ బిళ్ళల్లో సెవెలమర్ అయితే నమలకుండా మింగాలి, లాంథనమ్ బిళ్ళ నమలాలి. థైరాయిడ్, ఐరన్ మందులుంటే ఎంత ఎడం ఇవ్వాలో అడగండి.

4. విటమిన్ డి 60,000 యూనిట్ల సాచెట్లు, అల్యూమినియం ఉన్న గ్యాస్ సిరప్‌లు సొంతంగా కొనొద్దు. నొప్పి బిళ్ళల సంగతి మరీ గట్టిగా చెప్పాలి: డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి మిగిలిన కాస్త కిడ్నీనీ తినేస్తాయి.

5. ఎముక పెళుసుబారాక చిన్న జారుడుకే తుంటి విరగవచ్చు. బాత్రూమ్‌లో పట్టుకోవడానికి కమ్మీ బిగించండి, రాత్రి దారిలో ఒక లైటు వెలగనివ్వండి.