మూలన పడ్డ టీవీఎస్ 50ని మళ్లీ రోడ్డెక్కించాలంటే

1980లో హోసూరు నుంచి వచ్చిన టీవీఎస్ 50, అంతకుముందు 1972లో దిగిన లూనా, మన తిరుపతిలోనే తయారైన సువేగా, ఈ పెడళ్ల మోపెడ్‌లలో ఏదో ఒకటి ఇప్పటికీ చాలా ఇళ్లలో మెట్ల కిందో గొడ్ల చావిట్లోనో గోనెసంచులు కప్పుకుని పడుంటుంది. బయటికి తీయగానే చాలామంది నేరుగా పెయింటర్ దగ్గరికి తీసుకెళ్తారు. వద్దు. ముందు ఇంజిన్ మోగాలి, రంగు సంగతి తర్వాత. ఈ బళ్లు ఎక్కువగా అరిగిపోయి మూలన పడవు, ఊరికే నిలబడి పాడవుతాయి, అందుకే మెకానిక్ చూసీ చూడగానే "బోరు చేయించాలి సార్" (అంటే అరిగిన సిలిండర్‌ని తొలిపించి కొత్త పిస్టన్ వేయించాలి) అంటే తలూపకండి. ఇంకో మాట, ఛాసిస్ నంబరు ఆర్‌సీలో ఉన్నదానితో కలుస్తుందో లేదో రూపాయి ఖర్చు పెట్టకముందే చూసుకోండి. ఆర్‌సీ తాతగారి పేరుమీదే ఉండిపోయి ఉంటే మార్పించే పని కూడా ఇప్పుడే మొదలుపెట్టండి, దానికి టైం పడుతుంది.

స్టాండ్ వేసి పెడల్ తిప్పండి. ఇంజిన్ కదలకపోతే స్పార్క్ ప్లగ్ తీసి, ఆ రంధ్రంలోంచి కాస్త డీజిల్, టూటీ ఆయిల్ (ఈ బళ్లకి పెట్రోలులో కలిపే ఆయిల్) కలిపి పోసి రెండు రోజులు వదిలేయండి. తర్వాత వెనక చక్రాన్ని ముందుకీ వెనక్కీ మెల్లగా ఊపుతూ ఉంటే చాలా వరకు వదులుతుంది. సుత్తి మాత్రం పట్టుకోకండి. తిరగడం మొదలయ్యాక ప్లగ్ రంధ్రం మీద బొటనవేలు గట్టిగా అదిమి పెడల్ తిప్పించండి, గాలి వేలిని తోసేస్తూ "టప్"మంటే కంప్రెషన్ (సిలిండర్‌లో గాలి ఒత్తిడి) ఉన్నట్టే, ఇక బోరు మాట మర్చిపోండి.

ఇక కరెంటు. ట్యాంకుకి, పెట్రోలు వాసనకి దూరంగా, నీడలో, ప్లగ్ బాడీని ఇంజిన్‌కి ఆనించి పెడల్ తిప్పితే ప్లగ్ కొసన నిప్పురవ్వ నీలంగా చిటపటలాడాలి. పసుప్పచ్చగా, నీరసంగా వస్తే ముందు ప్లగ్ మార్చండి (గ్యాప్ 0.5 నుంచి 0.6 మి.మీ. ఉంటే సరిపోతుంది). అయినా అంతే ఉంటే అసలు దొంగ దాదాపు ఎప్పుడూ మాగ్నెట్ లోపల పాయింట్లే. ఫ్లైవీల్ కిటికీలోంచి టార్చి వేసి చూస్తే రెండు చిన్న బిళ్లలు కలుసుకుని విడిపోవడం కనిపిస్తుంది, ఏళ్ల తరబడి నిలబడిన బండిలో వాటి మొహాల మీద బూడిద రంగు పొర పేరుకుని ఉంటుంది. సన్న వాటర్ పేపర్ ముక్కని మధ్యలో పెట్టి రెండు మూడుసార్లు లాగి, ఆ దుమ్ము మిగలకుండా పెట్రోలులో తడిపిన తెల్లకాగితంతో మళ్లీ లాగాలి. ఈ రెండోది చాలామంది ఎగ్గొడతారు. పూర్తిగా తెరుచుకున్నప్పుడు సందు 0.4 మి.మీ. అటూ ఇటూ ఉండాలి. పాయింట్ల దగ్గర పెద్ద పెద్ద నిప్పురవ్వలు వస్తూ ప్లగ్ దగ్గర మాత్రం నీరసంగా ఉంటే కండెన్సర్ పోయింది. అది చవకే, మార్చేయండి.

పెట్రోలు ట్యాంకులో తుప్పు ఉంటే గుప్పెడు నట్లు, కాస్త వెనిగర్ వేసి బాగా గిలక్కొట్టి, సోడా ఉప్పు నీళ్లతో కడిగి, ఎండబెట్టండి. కార్బొరేటర్ జెట్‌లో (పెట్రోలు వచ్చే సన్న రంధ్రం) సూది పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే బండి తాగడమే తప్ప లాగదు. పెట్రోలు పైపు ఎలాగూ కొత్తది వేయాల్సిందే, బంకుల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కలిసి వస్తోంది, పాత రబ్బరు దానికి ఉబ్బిపోతుంది. ఇక ఆయిల్, మొదట్లో లీటరు పెట్రోలుకి 40 మి.లీ. టూటీ ఆయిల్ చొప్పున కలపండి. పొగ కాస్త ఎక్కువే వస్తుంది, రానివ్వండి.

స్టార్ట్ అయ్యాక వచ్చే తంటాలు వేరు. పది నిమిషాలు చక్కగా నడిచి ఆగిపోయి, ట్యాంకు మూత తీయగానే మళ్లీ స్టార్ట్ అయితే మూతలో గాలి రంధ్రం మూసుకుపోయింది, మెకానిక్‌తో పనే లేదు. వేడెక్కాక ఆగి, చల్లారాక మాత్రమే స్టార్ట్ అయితే కాయిల్‌నో కండెన్సర్‌నో అనుమానించండి. ఆక్సిలేటర్ వదిలేసినా దానంతటదే రేజ్ అవుతుంటే, కేబుల్ ఇరుక్కోలేదని చూసుకున్నాక, ఎక్కడో బయటి గాలి లాగుతోందన్నమాట: కార్బొరేటర్ ప్యాకింగ్ కావచ్చు, క్రాంక్ ఆయిల్ సీల్ కావచ్చు. అలాగే నడిపితే పిస్టన్ పట్టేస్తుంది, సీళ్లు మార్చేదాకా బండి తీయొద్దు.

ఇవేవీ కాకుండా, స్టార్ట్ అవుతుంది, ఖాళీగా బాగానే మోగుతుంది, ఎక్కి కూర్చుంటే మాత్రం కదలనంటుంది, ఇది సైలెన్సర్. ఆయిల్ కాలి మసి గట్టిగా గడ్డకట్టేసి ఉంటుంది, లోపలి గొట్టం బయటికి లాగితే చిల్లులు కూడా కనిపించవు. పాత మెకానిక్‌లు దాన్ని కాల్చి దులిపేవాళ్లు, ఇప్పటికీ అంతకన్నా మంచి వైద్యం లేదు, కాకపోతే ఆరుబయట చేయండి, ఆ పొగ పీల్చకండి. సైలెన్సర్ ఊడదీసినప్పుడే సిలిండర్‌కి పొగ బయటికొచ్చే రంధ్రం దగ్గర మసి కూడా, పిస్టన్‌ని పూర్తిగా కిందికి దించి, వెదురు పుల్లతో గీకేయండి. స్క్రూడ్రైవర్ పెడితే పిస్టన్ మీద గీతలు పడతాయి.

బ్రేక్ లైనర్లు, కేబుళ్లు, పగుళ్లిచ్చిన టైర్లు చూడకుండా మెయిన్ రోడ్డు ఎక్కకండి, అది చెప్పక్కర్లేదనుకుంటా. తీసేసిన పాత పార్టులు ఎంత తుప్పు పట్టినా ఇనుప సామాన్లవాడికి వేయొద్దు, కొత్తగా దొరికే నకిలీ లివర్లు, బోల్టులు చాలాసార్లు సరిగ్గా కూర్చోవు. నెలరోజులు బండి తీయరని తెలిస్తే, పెట్రోలు కాక్ (ట్యాంకు కింద కుళాయి) మూసి, ఇంజిన్ దానంతటదే ఆగిపోయేదాకా వదిలేసి అప్పుడు లోపల పెట్టండి, కార్బొరేటర్‌లో చుక్క కూడా మిగలకూడదు.