చోక్ రింగు మీద చెయ్యి వేసే ముందు: పంట కాపలాకూ క్లే షూటింగ్‌కూ వెళ్లేవారికి జాగ్రత్తలు

చిత్తూరు జిల్లా పడమటి మండలాల్లో పంట కాపలాకు వెళ్లిన ఒక లైసెన్సుదారు ఇటీవల చీకట్లో తుపాకీ మూతి దగ్గరి చోక్ రింగును (గుళ్లు ఎంత విచ్చుకోవాలో నిర్ణయించేలా మూతిని ఇరుకు చేసే బిగింపును) తిప్పుతుండగా తూటా పేలి ఎడమ చేతి వేళ్లను పోగొట్టుకున్నారు. మ్యాగజైన్ (తూటాలు నింపి ఉంచే అర) ఖాళీ చేశానన్న నమ్మకంతోనే ఆయన అక్కడ చెయ్యి పెట్టారు. వేరుశనగ కాయ పట్టి అడవిపందులు చేలలోకి దిగే రోజులు వచ్చాయి కనుక, ఈ ఒక్క పొరపాటు గురించి వివరంగా రాయవలసి వస్తోంది. తుపాకీని మనిషి వైపు చూపరాదని, పిల్లలకు అందనివ్వరాదని లైసెన్సు ఉన్నవారందరికీ తెలుసు. వాటి జోలికి పోవడం లేదు.

12 బోర్ గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. ఫుల్ చోక్‌లో మూతి దగ్గర అది దాదాపు ఒక మిల్లీమీటరు, మాడిఫైడ్‌లో అర మిల్లీమీటరు ఇరుకవుతుంది. సిలిండర్‌లో ఇరుకే ఉండదు. ఆ కొద్ది తేడాతోనే 40 గజాల దూరంలోని 30 అంగుళాల వలయంలో ఫుల్ చోక్ సుమారు 70 శాతం గుళ్లను, సిలిండర్ సుమారు 40 శాతం గుళ్లను పడవేస్తాయి. సర్దుబాటు చోక్‌లో ఈ పనిని చీలికలు గల ఉక్కు కొన చేస్తుంది. పైనున్న రింగును బిగిస్తే చీలికలు దగ్గరవుతాయి, వదులు చేస్తే విచ్చుకుంటాయి. మర తిప్పి బిగించే విడి చోక్ ట్యూబును మార్చాలంటే దాని పానా వెతకాలి, తుపాకీని ఒకచోట నిలపాలి. ఆ కాస్త వ్యవధిలో తూటా సంగతి గుర్తుకు వస్తుంది. రింగుకు ఏ పనిముట్టూ అక్కరలేదు, వేళ్లతోనే తిరుగుతుంది, వేళ్లు ఉండవలసిన చోటు మాత్రం సరిగ్గా గొట్టం మూతి.

దీనికి తోడు, ఇటువంటి చోక్ ఒంటి గొట్టానికే అమరుతుంది కనుక ఎక్కువగా పంపు (ముందు పిడిని చేత్తో లాగి తూటా ఎక్కించేవి), ఆటో (తూటా తనంతట తానే ఎక్కేవి) తుపాకీల మీదనే కనిపిస్తుంది. జోడు గొట్టాల తుపాకీని విరిచి తెరిస్తే రెండు చాంబర్లూ (తూటా కూర్చుని పేలే అరలు) కళ్లెదుట ఉంటాయి. పంపు, ఆటో తుపాకీలలో చాంబర్ మూసి ఉంటుంది. కింది మ్యాగజైన్‌లోని తూటాలన్నీ తీసివేసినా చాంబర్‌లో ఒకటి మిగిలి ఉండవచ్చు. ముందుగా చాంబర్‌ను ఖాళీ చేసినవారికి మరో ప్రమాదం ఉంది, ఎందుకంటే యాక్షన్‌ను (చాంబర్‌ను తెరిచి మూసే భాగాన్ని) వెనక్కి లాగి ముందుకు నెట్టగానే మ్యాగజైన్‌లోని తూటా పైకి వచ్చి చాంబర్‌లో కూర్చుంటుంది. అందుచేత మ్యాగజైన్ ముందు, చాంబర్ తరువాత. చివరగా యాక్షన్‌ను తెరిచే ఉంచి, కంటితో చూసి, చీకటిగా ఉంటే చిటికెన వేలితో తడిమి చూసి, అప్పుడు మాత్రమే రింగును తాకాలి. సేఫ్టీ వేసి ఉందన్నది చాలదు.

అసలు చేను దగ్గర రింగును తిప్పవలసిన అవసరమే అరుదు. పది పదిహేను గజాలలోకి వచ్చిన పందికి ఫుల్, మాడిఫైడ్ మధ్య తేడా స్వల్పమే. ఆ స్వల్పం కోసం రాత్రివేళ మంచె మీద మూతి దగ్గర చెయ్యి పెట్టడం ఏ లెక్కన చూసినా తగని పని. పగటి వెలుగులో, ఇంటి దగ్గర, ఖాళీ తుపాకీతో రింగును అమర్చుకుని బయలుదేరండి. అమరిక తప్పిందని అక్కడికి వెళ్లాక తెలిస్తే పందిని పోనివ్వండి.

మన ప్రాంతం నుంచి హైదరాబాద్‌కో చెన్నైకో వెళ్లి క్లే షూటింగ్ (ఎగిరే మట్టి బిళ్లలను కాల్చే ఆట) సాధన చేసేవారికీ ఇదే మాట. ఆ ఆటలో ఒక రకమైన స్కీట్‌లో స్టేషన్ (నిలబడి కాల్చే చోటు) మారినప్పుడల్లా రింగును సవరించాలనిపిస్తుంది, కానీ అక్కడి లక్ష్యాలన్నీ దగ్గరివే కనుక విశాలమైన అమరిక ఒక్కటే రౌండ్ అంతటికీ సరిపోతుంది. ట్రాప్ అనే మరో రకంలో లక్ష్యం దూరంగా పోతుంది కనుక ఇరుకు అమరిక అవసరం. దానిని రౌండుకు ముందే చేసుకోవాలి. పేలుడు అదురుకు రింగు తనంతట తానే కదలవచ్చు కనుక రౌండుకూ రౌండుకూ మధ్య రింగు మీది అమరిక గుర్తును చూసుకోవాలి. చూసుకునేది కూడా ఖాళీ తుపాకీ మీదనే, మ్యాగజైన్ ముందు, చాంబర్ తరువాత.

మిగిలినవి వరుసగా.

అడవిపందిని కాల్చడానికి తుపాకీ లైసెన్సు ఒక్కటే చాలదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 11వ సెక్షన్ కింద అధికారి రాతపూర్వక అనుమతి చేతిలో ఉండాలి. లేకపోతే ఆ తుపాకీని ఇంటి నుంచి కదపవద్దు.

ఏనుగు అలికిడి వినిపిస్తే వెనుదిరిగి రండి. కాల్చవద్దు, బెదిరించడానికైనా కాల్చవద్దు.

ఒంటి గుండును బిగించిన చోక్‌లోంచి పేల్చవద్దు. ఉక్కు గుళ్లనూ పేల్చవద్దు, అవి సీసంలా అణగవు కనుక మూతి ఉబ్బుతుంది.

మూలన పెట్టిన తుపాకీ గొట్టంలో కందిరీగలు మట్టిగూడు కడతాయి. గొట్టాన్ని చాంబర్ వైపు నుంచి చూడండి, మూతి వైపు నుంచి కాదు.

20 బోర్ తూటాను 12 బోర్ తూటాల సంచిలో వేయవద్దు. అది గొట్టంలోకి జారి ఇరుక్కుంటుంది, పైకి కనిపించదు, దాని వెనుక 12 బోర్ తూటా పేలితే గొట్టం పగులుతుంది.

మీట నొక్కినా పేలకపోతే మూతిని గురి వైపే ఉంచి కనీసం 30 సెకన్లు ఆగండి.

పేలిన శబ్దం మెత్తగా వినిపిస్తే మరో తూటా పేల్చవద్దు. తూటాలో మందుకూ గుళ్లకూ మధ్య ఉండే అట్ట ఇరుకైన చోక్‌లోనే చిక్కుకుని ఉండవచ్చు. ఖాళీ చేయండి, మ్యాగజైన్ ముందు, చాంబర్ తరువాత, ఆ పిమ్మటే కడ్డీతో తోసి చూడండి.

చీలికల్లో పేరుకున్న మసిని, సీసాన్ని ప్రతిసారీ తుడవండి. తుడిచిన గుడ్డ గొట్టంలో మిగలకుండా చూడండి.

చీలికల కొనపై సన్నని గీటంత పగులు కనిపించినా ఆ తుపాకీతో ఇక కాల్చవద్దు. లేతు మిషన్ దగ్గర వెల్డింగు పెట్టించవద్దు. మరమ్మతు లైసెన్సు ఉన్న తుపాకుల దుకాణంలో ఆ చోక్‌ను తీయించి కొత్తది వేయించండి.