దూరానికి, వేగానికి ఏ యూనిట్ వాడాలి? ఎంచుకోవడం ఎలా?

బడిలో యూనిట్ల మార్పిడి లెక్కలు బోలెడు చేయిస్తారు. మీటర్లను కిలోమీటర్లలోకి మార్చడం అందరికీ వచ్చు. ఏ పనికి ఏ యూనిట్ వాడాలన్న ప్రశ్న మాత్రం ఇల్లు కట్టించేటప్పుడో, బండి నడిపేటప్పుడో, తుపాను వార్త వినేటప్పుడో ఎదురవుతుంది. ఆ అంకెతో మీరేం చేయబోతున్నారో దాన్నిబట్టే యూనిట్‌ను ఎంచుకోవాలి.

1. ఎంత తేడా వస్తే పని చెడుతుందో ముందు చూసుకోండి

వంటింటి అల్మారా తలుపు 3 మి.మీ. ఎక్కువైతే మూసుకోదు. అందుకే వడ్రంగి పనికి మిల్లీమీటర్లు. పిల్లల ఎత్తుకు సెంటీమీటర్లు చాలు. బోరు నుంచి ట్యాంకు దాకా పైపు కొనాలంటే మీటర్లు. హైదరాబాద్ నుంచి విజయవాడకు 270 కి.మీ. అన్నా 275 కి.మీ. అన్నా మీరు బయల్దేరే సమయం మారదు, కాబట్టి అక్కడ కిలోమీటరు కంటే చిన్న యూనిట్‌తో పనిలేదు.

2. అంకె చూడగానే బుర్రకెక్కాలి

వీలైనంతవరకు అంకె 1కీ 1000కీ మధ్య ఉండేలా చూసుకోండి. ఫోన్ మందం 0.008 మీటర్లు అంటే ఎవరికీ తట్టదు, 8 మి.మీ. అంటే వెంటనే తెలుస్తుంది. చంద్రుడి దూరం సుమారు 3.84 లక్షల కి.మీ., సూర్యుడి దూరం దాదాపు 15 కోట్ల కి.మీ. ఇంకా దూరం వెళ్తే కిలోమీటర్లు పనికిరావు. కాంతి ఏడాదిలో వెళ్లే దూరం, అంటే కాంతి సంవత్సరం, సుమారు 9.46 లక్షల కోట్ల కి.మీ. నక్షత్రాల దూరాలను అందులో చెబుతారు.

దీనికి ఒక మినహాయింపు ఉంది. ఇంజినీర్లు గీసే డ్రాయింగుల్లో 12 మీటర్ల గోడను కూడా 12000 అని మిల్లీమీటర్లలోనే రాస్తారు. కాగితం మొత్తానికి ఒకే యూనిట్ ఉంటే దశాంశ బిందువు కనబడక పొరపాటు పడే ప్రమాదం ఉండదు. చాలామంది చేతులు మారే లెక్కకు ఇది చాలా మంచి పద్ధతి.

3. అడుగులు, అంగుళాల దగ్గర జాగ్రత్త

మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లోనే వచ్చింది. అయినా స్థలం గజాల్లో, గది అడుగుల్లో, టీవీ అంగుళాల్లోనే నడుస్తున్నాయి. ప్లైవుడ్ షాపులో అయితే ఒకే షీటుకు మందం 18 మి.మీ., సైజు 8 × 4 అడుగులు అని చెబుతారు. ఇవి గుర్తుంచుకుంటే చాలు: అంగుళం 25.4 మి.మీ., అడుగు 30.48 సెం.మీ., గజం 91.44 సెం.మీ.

టైల్స్ దగ్గర ఈ తేడా బాగా బయటపడుతుంది. 2 × 2 అని అమ్మే టైల్ నిజానికి 600 × 600 మి.మీ. ఉంటుంది. రెండడుగులంటే 609.6 మి.మీ. ఒక్క టైల్‌కు సెంటీమీటరు కూడా తేడా లేదు కదా అనిపిస్తుంది. కానీ 20 అడుగుల గదిలో పది టైల్స్ వరసగా పరిస్తే 600 సెం.మీ. వస్తుంది, గది మాత్రం 609.6 సెం.మీ. టైల్స్ మధ్య సందులు కలుపుకున్నా చివర ఏడెనిమిది సెంటీమీటర్ల పట్టీ మిగులుతుంది. దానికోసం ఇంకో వరస టైల్స్ తెచ్చి కోయాలి. అందుకే టైల్స్ ఆర్డర్ ఇచ్చే ముందు గదిని టేపుకు మిల్లీమీటర్లు ఉన్న వైపుతో కొలవండి.

4. వేగానికి దూరంతోపాటు సమయాన్నీ ఎంచుకోండి

ప్రయాణానికి గంటకు కిలోమీటర్లు బాగుంటాయి, ఎందుకంటే ప్రయాణాన్ని మనం గంటల్లోనే లెక్కపెట్టుకుంటాం. క్షణాల్లో జరిగే విషయమైతే సెకనుకు మీటర్లలోకి మారాలి. గంటకు కిలోమీటర్లను 3.6తో భాగిస్తే సెకనుకు మీటర్లు వస్తాయి. గంటకు 36 కి.మీ. అంటే సెకనుకు 10 మీటర్లు, 54 అంటే 15, 72 అంటే 20, 90 అంటే 25.

బండి నడిపేవాళ్లకు ఈ మార్పిడి చాలా అవసరం. స్పీడోమీటర్ 72 చూపిస్తే అది మామూలు స్పీడే అనిపిస్తుంది. అడ్డంగా గేదె వచ్చింది, మీరు చూసి బ్రేక్ మీద కాలు వేయడానికి ఒక సెకను పట్టిందనుకోండి. బ్రేక్ పడకముందే బండి 20 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత ఆగడానికి పట్టే దూరం వేరు. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉండి వేగం ప్రతి సెకనుకూ 7 మీ./సె. చొప్పున తగ్గుతుందనుకుంటే (దీన్ని 7 మీ./సె² అని రాస్తారు) మరో 29 మీటర్లు కావాలి. మొత్తం 49 మీటర్లు. అదే గంటకు 36 కి.మీ. వేగంలో అయితే 10, 7 కలిపి 17 మీటర్లలో ఆగుతుంది. వేగం రెట్టింపైతే ఆగే దూరం దాదాపు మూడు రెట్లయింది. డ్రైవింగ్ నేర్చుకునే ప్రతి ఒక్కరితో ఈ లెక్క ఒకసారి చేయించాలని నా గట్టి అభిప్రాయం.

క్రికెట్‌లోనూ అంతే. గంటకు 144 కి.మీ. బంతి అంటే సెకనుకు 40 మీటర్లు. పిచ్ 22 గజాలు, అంటే సుమారు 20 మీటర్లు. బంతి దారిలో కొంత నెమ్మదించినా బ్యాటర్‌కు దొరికేది అటూ ఇటూగా అర సెకనే.

పరుగెత్తేవాళ్లు దీన్ని తిరగేసి వాడతారు: కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అని. కిలోమీటరుకు 6 నిమిషాల చొప్పున 42.195 కి.మీ. మారథాన్‌కు సుమారు 4 గంటల 13 నిమిషాలు పడుతుందని సులువుగా తేలిపోతుంది. ఇక బాగా నెమ్మదైన కదలికలకు సమయాన్నే పెద్దది చేయాలి. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది, భారత భూఫలకం (మన దేశం ఉన్న భూమి పైపొర పలక) ఏడాదికి దాదాపు 5 సెం.మీ. జరుగుతుంది.

5. ఆ వేగం దేనిదో చూడండి

తుపాను వార్తల్లో రెండు వేగాలు ఉంటాయి. రెండూ గంటకు కిలోమీటర్లలోనే ఉంటాయి కాబట్టి కలగాపులగం అవుతాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గాలులు గంటకు 170–180 కి.మీ. వేగంతో వీచాయి. తుపాను మొత్తంగా ముందుకు కదిలే వేగం ఇది కాదు, అది చాలా తక్కువ ఉంటుంది. తుపాను 300 కి.మీ. దూరంలో ఉండి గంటకు 15 కి.మీ. చొప్పున కదులుతుంటే మీకు సుమారు 20 గంటలు ఉన్నట్టు. ఎప్పుడు వస్తుందో తెలియాలంటే కదిలే వేగం చూడండి, ఇంటి రేకులు నిలుస్తాయో లేదో తెలియాలంటే గాలి వేగం చూడండి. సముద్రం మీద వేగాన్ని నాట్లలో (knots, గంటకు నాటికల్ మైళ్లు) చెబితే 1.852తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి.

6. లెక్క మొదలుపెట్టే ముందు అన్నీ ఒకే యూనిట్‌లోకి మార్చండి

నాసా పంపిన మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అనే వ్యోమనౌక 1999లో కుజుడి దగ్గరకు చేరాక నాశనమైంది. భూమ్మీది ఒక సాఫ్ట్‌వేర్ నౌక ఇంజిన్ల తోపుడుకు సంబంధించిన అంకెలను పౌండ్-సెకన్లలో ఇస్తే, వాటిని మెట్రిక్ యూనిట్లయిన న్యూటన్-సెకన్లు అనుకుని కక్ష్య లెక్కలు వేశారు. కాబట్టి ప్రతి అంకె పక్కనా యూనిట్ రాయండి. మీకొక్కరికే రాసుకున్న చీటీ అయినా సరే.

7. అక్కర్లేని అంకెలు తీసేయండి

ఉదయం నడకను ఫోన్ 5.347 కి.మీ. అని చూపించవచ్చు. చివరి 7 అంటే 7 మీటర్లు. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా కొన్ని మీటర్లు అటూ ఇటూ పోతుంది, కాబట్టి 5.3 కి.మీ. అని రాసుకుంటే చాలు. టేపుతో కొలిచిన తలుపు 762 మి.మీ. వస్తే మాత్రం ఆ 2ని వదలొద్దు. వడ్రంగికి కావాల్సింది అదే.