శరణన్నాక సాధన ఎందుకు, ఎలా?

మోక్షం మన సాధనతో వస్తుందా, భగవంతుడి దయతోనా అని మా చెన్నై తిరువల్లిక్కేణి తెలుగువాళ్లు నన్ను అడుగుతూనే ఉంటారు. శ్రీవైష్ణవుల్లో రెండు శాఖలున్నాయి: కోతిపిల్లలా తల్లిని మనమే పట్టుకోవాలని వడగలైవారు, పిల్లిపిల్లలా ఊరుకుంటే తల్లే నోట కరుచుకుపోతుందని తెంగలైవారు అంటారు. ఆ వాదం పండితులకు వదిలేసి, రేపు పొద్దున్న మీరేం చేయాలో చెబుతాను.

ముందు గీత 18వ అధ్యాయంలో 63, 66, 73 శ్లోకాలు ఒకే బిగిన చదవండి. బాగా ఆలోచించుకుని నీ ఇష్టమొచ్చినట్టు చెయ్యి అంటాడు కృష్ణుడు 63లో. నన్నొక్కడినే శరణు వేడు అంటాడు 66లో. చాలామంది అక్కడే ఆగిపోతారు. 73లో అర్జునుడు నువ్వు చెప్పినట్టే చేస్తానన్నాడు, ఆపైన యుద్ధమూ చేశాడు. తర్వాత మా పార్థసారథి గుడికి రండి. మూలవిరాట్టుకు మీసాలుంటాయి, చేతిలో శంఖమే తప్ప చక్రం ఉండదు. ఉత్సవమూర్తి ముఖం మీది మచ్చలు భీష్ముడి బాణాలవంటారు. అవి చూడకుండా వెళ్లకండి. శరణన్నవాడు విల్లు పట్టాడు, శరణిచ్చినవాడు దెబ్బలు తిన్నాడు.

శరణాగతికి ఆరు అంగాలు. మొదటి రెండూ ఆయనకు నచ్చింది చేస్తాననుకోవడం, నచ్చనిది మానడం. వీటితోనే మొదలుపెట్టండి. పనమ్మాయి జీతం బాకీ ఉంటే ముందు అదిచ్చేసి, తర్వాత తులసిమాల కొనండి.

జపానికి ఒక వేళ పెట్టుకుని తప్పకండి. గురువు దగ్గర మంత్రోపదేశం లేనివాళ్లకు గోవింద నామం చాలు. అయ్యాక ‘సర్వం శ్రీకృష్ణార్పణమస్తు’ అని నీళ్లు వదలండి. వదిలాక ఎన్ని మాలలు తిప్పారో ఎవరికీ చెప్పకండి, మనసులో కూడా లెక్క వేసుకోకండి. నన్నడిగితే అన్నిటికంటే కష్టం ఇదే. ఇంత చేశాను కదా అన్న మాట నీళ్లు వదిలిన చేయి ఆరకముందే వచ్చేస్తుంది. వచ్చినప్పుడల్లా మళ్లీ అర్పించండి.

అంతా ఆయనే చూసుకుంటాడన్న మాట జపం ఎగ్గొట్టేటప్పుడే నోటికొచ్చి, పిల్లాడి సీటు దగ్గరా ఫ్లాటు ఈఎంఐ దగ్గరా రాకపోతే అది బద్ధకమే. అప్పుడు జపం పెంచండి. ఈఎంఐ వేళకు కట్టేసి, దాని దిగులు ఆయనకు అప్పగించండి.

ఆచార్యులున్నవాళ్లు సమాశ్రయణం, అంటే ఆచార్యులిచ్చే వైష్ణవ దీక్ష, గురించి వారినే అడగండి. పుస్తకం చూసి ఇంట్లో చేసుకునేది కాదది.