పాత ఎస్టీమ్‌లో క్లచ్ రిలీజ్ ఆర్మ్ బుష్ మార్చడం ఎలా?

క్లచ్ తొక్కితే కీచుమని చప్పుడు, పెడల్ బరువు, రివర్స్ వేయబోతే గరగర. ఈ మూడూ కలిసి వచ్చాయంటే ఎక్కడికి తీసుకెళ్లినా వినబడే మాట ఒకటే: "క్లచ్ సెట్ పోయింది సార్, మార్చేద్దాం." మా మారుతి ఎస్టీమ్ కారుకి కూడా అలాగే మార్పించాను. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ కొత్తవి వేశారు. ఏడాది తిరక్కుండానే అదే కీచు మళ్లీ మొదలైంది. ఈసారి తమ్ముణ్ణి సాయం పెట్టుకుని, ఒంగోలులో మా ఇంటి షెడ్డులోనే గేర్ బాక్స్ దించి చూశాను. కొత్త బేరింగ్ ముఖం ఒక పక్కే అరిగి ఉంది. రిలీజ్ షాఫ్ట్‌ని పట్టుకునే బుష్‌లు, అంటే షాఫ్ట్ లోపల తిరిగే చిన్న లోహపు గొట్టం ముక్కలు, మాత్రం పాతవే. వాటిని ఎవరూ ముట్టుకోలేదు.

ఎస్టీమ్ 1994 నుంచి 2007 దాకా వచ్చింది. 1298 సీసీ ఇంజిన్, తేలికైన బాడీ. అప్పట్లో మద్రాసు రేసు ట్రాక్ మీద కుర్రాళ్లు ఈ బండినే పరిగెత్తించేవారు. మాకు అదే స్పోర్ట్స్ కారు. ఇప్పటికీ ఒకటి ఇంట్లో ఉందంటే దాన్ని బాగా చూసుకోవాలనే నా తాపత్రయం.

ముందు ఆ బుష్ చేసే పనేమిటో చూద్దాం. పెడల్ తొక్కితే కేబుల్ లాగుతుంది. కేబుల్ చివర, గేర్ బాక్స్ బయట కనబడేది రిలీజ్ ఆర్మ్. ఆర్మ్ లాగితే బెల్ హౌసింగ్ (క్లచ్‌ని కప్పి ఉండే గేర్ బాక్స్ డొప్ప) లోపలికి వెళ్లే షాఫ్ట్ తిరుగుతుంది. షాఫ్ట్ మీదున్న ఫోర్క్ రిలీజ్ బేరింగ్‌ని ముందుకు తోసి ప్రెషర్ ప్లేటుని నొక్కుతుంది. ఈ షాఫ్ట్ రెండు చివర్లనూ రెండు చిన్న బుష్‌లు పట్టుకుని ఉంటాయి. అవి అరిగితే షాఫ్ట్ తిరగడానికి బదులు ముందు పక్కకి వాలుతుంది. అప్పుడు బేరింగ్ కూడా వంకరగా నొక్కుతుంది. మనం తొక్కిన దానిలో కొంత ఆ వాలడానికే పోతుంది, క్లచ్ పూర్తిగా విడదు. గేరు గరగరలాడటం, కేబుళ్లు తరచూ తెగడం అన్నీ అందులోనుంచి వచ్చేవే.

మన ప్రాంతంలో ఈ అరుగుడు ఇంకాస్త ఎక్కువ. చీమకుర్తి రోడ్డులో గ్రానైట్ లారీల వెనక రోజూ తిరిగే బండికి ఆ దుమ్ము బెల్ హౌసింగ్ సందుల్లోంచి లోపలికి చేరుతుంది. గ్రీజుతో కలిస్తే అది అచ్చం ఎమరీ పేస్టే. కొత్తపట్నం, మైపాడు వైపు బండ్లకి ఉప్పు గాలి వల్ల షాఫ్ట్ తుప్పు పడుతుంది. గరుకెక్కిన షాఫ్ట్ బుష్‌ని ఆకురాయిలా తినేస్తుంది.

బాక్స్ దించకముందే ఒక పరీక్ష

బానెట్ ఎత్తి, కేబుల్ నట్టు వదులు చేసి, ఆర్మ్‌ని చేత్తో పట్టుకోండి. అది తిరగాల్సిన దిశలో కొద్దిగా కదలాలి, అది ఉండాల్సిన ఆటే (ఫ్రీ ప్లే). ఇప్పుడు పైకీ కిందికీ ఊపి చూడండి. షాఫ్ట్ హౌసింగ్‌లోకి దిగే చోట ఒక వేలు ఆనించి ఉంచండి. టకటకమని వేలికి తగిలితే బుష్ పోయినట్టే. ఇంకొకరు పెడల్ తొక్కుతుండగా ఆ చోట ఒక్క చుక్క ఆయిల్ వేయండి. కీచు కాసేపు ఆగి మళ్లీ వస్తే ఇక అనుమానం అక్కర్లేదు.

గేర్ బాక్స్ దించడం

ఈ పనికి ఇద్దరు కావాలి. ఒక శని, ఆదివారం పెట్టుకోండి. బ్యాటరీ నెగటివ్ వైరు మొదట తీసేయండి. బండిని స్టాండ్ల మీద నిలపాలి. జాకీ మీదే ఉంచి ఒక్క నిమిషం కూడా కిందకి దూరొద్దు. జాకీ జారి బండి మీద పడితే బయటికి లాగేవాడు కూడా ఉండడు.

గేర్ ఆయిల్ కిందికి వదిలేయండి. బ్యాటరీ, దాని ట్రే, క్లచ్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, రివర్స్ లైటు వైరు, ఎర్త్ వైరు, గేర్ రాడ్లు, స్టార్టర్ మోటార్ ఒక్కొక్కటే విప్పండి. విప్పిన ప్రతిదాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకోండి. బోల్టుల్ని ఒక అట్టముక్కకి బొక్కలు పొడిచి, అవి ఉన్న వరసలోనే గుచ్చి పెడితే బిగించేటప్పుడు వెతుకులాట ఉండదు. చక్రాల దగ్గర కింది బాల్ జాయింట్లు విడదీస్తే హబ్ పక్కకి జరుగుతుంది, యాక్సిళ్లని బాక్స్ లోంచి లివరుతో నెమ్మదిగా ఎగదన్నొచ్చు. ఆయిల్ సీలుకి లివరు తగలకుండా చూసుకోండి. ఇంజిన్ కింద చెక్కముక్క పెట్టి జాకీతో ఆనించాకే మౌంటింగ్‌లు, బాక్స్ బోల్టులు తీయాలి. బాక్స్‌ని ఇద్దరూ పట్టుకుని ఇంజిన్‌కి దూరంగా, తిన్నగా పక్కకి లాగండి. ఇన్‌పుట్ షాఫ్ట్ క్లచ్ ప్లేటులోంచి పూర్తిగా బయటికొచ్చేదాకా బరువు దాని మీద వేలాడనివ్వొద్దు, ప్లేటు వంగిపోతుంది.

లోపల నల్లటి పొడి ఉంటుంది. పాత క్లచ్ ప్లేట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి గాలి కొట్టి ఊదొద్దు. మూతికి మాస్క్ కట్టుకుని, తడిగుడ్డతో తుడవండి.

బుష్ పని

తీరిగ్గా చేయాల్సిన పని ఇదే, తొందరపడొద్దు. ఆర్మ్‌ని విప్పే ముందు దాని మీద, షాఫ్ట్ మీద పంచ్‌తో ఒకే వరసలో చుక్క కొట్టండి. ఆర్మ్ లోపల పళ్లుంటాయి. ఒక పన్ను తేడాగా ఎక్కినా కేబుల్ సర్దుబాటు కుదరదు. గుర్తు పెట్టాక బోల్టు వదులు చేసి ఆర్మ్ లాగేయండి.

షాఫ్ట్ రెండు బుష్‌ల మధ్య ఇరుక్కుని ఉంటుంది కాబట్టి నేరుగా బయటికి రాదు. ముందు ఆర్మ్ వైపు చివర బుష్‌ని హౌసింగ్ లోపలి వైపు నుంచి బయటికి కొట్టాలి. దాని వెంటే బయటున్న సీలు కూడా ఊడి వస్తుంది. షాఫ్ట్ అడ్డుగా ఉంటుంది గనక మామూలు డ్రిఫ్ట్ (ఆనించి కొట్టే కడ్డీ) పనికిరాదు. లేత్ షాపులో షాఫ్ట్ మీద కూర్చునే సైజు పైపు ముక్కని నిలువునా సగానికి చీల్పించి తెచ్చుకున్నాను. అది షాఫ్ట్‌ని పొదువుకుని బుష్ అంచుకి సరిగ్గా ఆనింది. చిన్న సుత్తితో నాలుగు దెబ్బలకి కదిలింది. హౌసింగ్ అల్యూమినియం, గట్టిగా కొడితే పగులుతుంది. ఆ బుష్ రాగానే రిటర్న్ స్ప్రింగ్ తప్పించి, బేరింగ్‌ని తీసి, షాఫ్ట్‌ని ఏటవాలుగా బయటికి తీయండి. రెండో బుష్‌ని వెనకనుంచి కొట్టే వీలుంటే సరే, లేకపోతే దాని లోపల సరిపోయే ట్యాప్ (మర కోసే పనిముట్టు) తిప్పి మర పడ్డాక ట్యాప్‌తో సహా లాగేయొచ్చు.

పాత బుష్‌ని అరచేతిలో పెట్టుకుని వెలుతురుకి ఎత్తి చూశాను. రంధ్రం గుండ్రంగా లేదు, కోడిగుడ్డులా సాగిపోయింది. ఒక పక్క గోడ నిండుగా ఉంది, ఎదురు పక్క కాగితమంత పల్చన. అంత చిన్న ముక్క మా కొత్త క్లచ్ సెట్‌ని పాడుచేసింది.

ఇప్పుడు షాఫ్ట్‌ని చూడండి. తుప్పు తుడిచి, బుష్ కూర్చునే చోట గోరుతో అడ్డంగా గీరండి. గోరుకి మెట్టులా తగిలితే కొత్త బుష్ వేసినా ఉపయోగం లేదు, షాఫ్ట్ కూడా మార్చాలి. నునుపుగా ఉంటే సన్న ఎమరీ పేపర్‌తో రుద్దితే చాలు. కంపెనీ బుష్ దొరికితే అదే వేయండి. దొరక్కపోతే లేత్ షాపులో గన్‌మెటల్‌తో (ఒక రకం కంచు) చేయించుకోవచ్చు. నేను పాత బుష్ ఒక్కటీ పట్టుకెళ్తే అక్కడి పెద్దాయన వెనక్కి పంపాడు. "షాఫ్ట్ తీసుకురా అబ్బాయ్. కొలత అరిగిపోయిన బుష్‌లో ఏడుంటది, షాఫ్ట్‌లో ఉంటది" అన్నాడు. ఆయన మాట నిజం. షాఫ్ట్, హౌసింగ్ రంధ్రం రెండూ కొలవాలి. షాఫ్ట్ వేలితో తిప్పితే తిరగాలి, ఊపితే ఊగకూడదు. సందు తల వెంట్రుక మందం మించితే మళ్లీ పాత కథే.

కొత్త బుష్ ఎక్కించేటప్పుడు ముందు రంధ్రం అంచుల్ని గుడ్డతో శుభ్రం చేసి, బుష్ నిటారుగా నిలబడిందో లేదో చూసి, దానికి సరిపోయే సాకెట్ ఆనించి కొట్టండి. వంకరగా దిగుతుంటే ఆపి బయటికి తీసి మళ్లీ పెట్టండి. తీసిన వరసకి సరిగ్గా తిరగేసి చేయాలి: ఒక బుష్, తర్వాత షాఫ్ట్, బేరింగ్, స్ప్రింగ్, ఆ తర్వాత ఆర్మ్ వైపు బుష్, చివర కొత్త సీలు. సీలు అంచుని పంచ్‌తో రెండు మూడు చోట్ల నొక్కితే ఊడి రాదు. బుష్ లోపల, ఫోర్క్ కొనల మీద లిథియం గ్రీజు వేలితో పల్చగా రాయండి. ఎక్కువైతే అది వేడికి కరిగి చిమ్మి క్లచ్ ప్లేటు మీద పడుతుంది. ఎటూ బాక్స్ కింద ఉంది కాబట్టి అరిగిన రిలీజ్ బేరింగ్‌ని కూడా వదలొద్దు.

బిగించడం, సర్దడం

బాక్స్ ఎక్కించడానికి ముందు క్లచ్ ప్లేటు మధ్యలో ఉందో లేదో చూసుకోండి. క్లచ్ కవర్ (ప్రెషర్ ప్లేటు) విప్పి ఉంటే పాత ఇన్‌పుట్ షాఫ్టో, సైజుకి చెక్కిన చెక్క కర్రో పెట్టి మధ్యకి తెచ్చాకే బోల్టులు ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. బాక్స్ ఇంజిన్‌కి ఆనకముందే బోల్టులతో బలవంతంగా లాగొద్దు. చివరి అంగుళం చేత్తో కదిపితేనే కూర్చోవాలి. యాక్సిళ్లు టక్కున పడే చప్పుడు వినబడేదాకా నెట్టండి. గేర్ ఆయిల్ జీఎల్-4 రకం 75డబ్ల్యూ-90 పోసి, లెవెల్ ప్లగ్ రంధ్రంలోంచి కారడం మొదలవ్వగానే ఆపండి.

ఆర్మ్‌ని పంచ్ గుర్తుల ప్రకారం ఎక్కించి కేబుల్ తగిలించండి. ఆర్మ్ చివర 2 నుంచి 4 మిల్లీమీటర్ల ఆట ఉండాలి, పెడల్ దగ్గర కొలిస్తే 15 నుంచి 25 మిల్లీమీటర్లు. స్కేలు పెట్టి కొలవండి, అంచనా వద్దు. ఆట బొత్తిగా లేకపోతే బేరింగ్ ఎప్పుడూ ఒరుసుకుంటూనే ఉంటుంది.

ఇంజిన్ స్టార్ట్ చేసి, పెడల్ పూర్తిగా తొక్కి రెండు మూడు సెకన్లు ఆగి రివర్స్ వేయండి. చప్పుడు లేకుండా పడాలి. మొదటి 500 కిలోమీటర్ల తర్వాత కేబుల్ ఆట మళ్లీ కొలవండి, కొత్త భాగాలు సర్దుకునేటప్పుడు కొద్దిగా మారుతుంది. నాది 3 మిల్లీమీటర్ల నుంచి 2కి దిగితే నట్టు అర చుట్టు వదులు చేశాను.